బాంబు ఖరీదు 17.5 లక్షలు: ఒక కొత్త దేశం వేసుకున్న లెక్కలు

1964 అక్టోబర్ 16న లోప్‌నార్ ఎడారిలో చైనా తన తొలి అణుబాంబు పేల్చింది. ఎనిమిది రోజులు తిరగకుండానే, అక్టోబర్ 24న, ఆకాశవాణిలో అణుశక్తి కమిషన్ అధ్యక్షుడు హోమీ భాభా ప్రసంగం వచ్చింది. ఆ రోజు ఐక్యరాజ్యసమితి దినం. ప్రసంగం నిరాయుధీకరణ మీద. కానీ విన్నవాళ్ళకు గుర్తుండిపోయింది నిరాయుధీకరణ కాదు, ఆయన మాటల మధ్యలో చెప్పిన ధరలు. 10 కిలోటన్నుల బాంబు ఒకటి 17.5 లక్షల రూపాయలు. రెండు మెగాటన్నుల హైడ్రోజన్ బాంబు 30 లక్షలు. యాభై అణుబాంబుల నిల్వ కావాలంటే పది కోట్ల లోపు, యాభై హైడ్రోజన్ బాంబులైతే 15 కోట్లు.

ఈ అంకెలు అప్పట్లో ఎంత ఊరించాయో తెలియాలంటే పక్కన మరో అంకె పెట్టుకోవాలి. 1962లో చైనా చేతిలో ఓటమి తర్వాత తయారైన అయిదేళ్ళ రక్షణ ప్రణాళిక వ్యయం దాదాపు 5,000 కోట్లు. అందులో పది కోట్లు ఏ మూలకు? పది పర్వత డివిజన్లు, 45 విమాన స్క్వాడ్రన్లు, 8.25 లక్షల సైన్యం పోషించే బదులు ఆ పది కోట్లేవో పడేస్తే చైనా దగ్గరికి రాదుగదా అని పార్లమెంటు సభ్యులకు అనిపించిందంటే తప్పు పట్టలేం.

అయితే ఆ ధర భాభా సొంతంగా కట్టింది కాదు. కాలువలు తవ్వడానికి, కొండలు పగలగొట్టడానికి అణు విస్ఫోటనాలు వాడుకోవచ్చని అమెరికా శాస్త్రవేత్తలు అప్పట్లో ప్రచారం చేస్తుండేవారు. అలాంటి పేలుడు ఒక్కోటి ఎంతకు చేసిపెట్టగలరో 1964లో జెనీవా సదస్సులో వాళ్ళు చెప్పిన అంకెలవి. అంటే రియాక్టర్లూ, ప్లుటోనియం కర్మాగారాలూ, ప్రయోగశాలలూ, ఇరవై ఏళ్ళ పరీక్షలూ అన్నీ అప్పటికే కట్టేసుకున్న దేశంలో, ఆ పైన ఇంకొక్క బాంబు చేస్తే పడే అదనపు ఖర్చు. పెళ్ళి ఖర్చెంత అని అడిగితే పందిరి ఖర్చు చెప్పినట్టు. భాభా అంతటివాడికి ఈ తేడా తెలియదనుకోవడం కష్టం. అయినా చెప్పాడు. లండన్‌లో అదే నెలలో, కావాలంటే 18 నెలల్లో భారత్ బాంబు పేల్చగలదని కూడా అన్నాడు.

ఆ 17.5 లక్షల అంకె వెనక పదిహేడేళ్ళ కథ ఉంది. స్వతంత్ర భారతంలో రక్షణ విధానం, అణు విధానం ఒకే ప్రధాని నీడలో పెరిగాయి, కానీ ఒకే ఇంట్లో పెరగలేదు. ఒకదానికి పొదుపు మంత్రం, ఇంకోదానికి అడిగినంత. ఒకదానికి ఆర్థిక శాఖ అడుగడుగునా అడ్డం, ఇంకోదానికి తలుపులన్నీ తెరిచే.

మొదట రక్షణ సంగతి. 1947లో సైన్యాన్ని పంచుకున్నప్పుడు ఆయుధాల కర్మాగారాలు పదహారూ భారత్ వైపే ఉండిపోయాయి. కర్మాగారాలు మిగిలాయి గానీ, నడిపే నాయకత్వం ఇంకా బ్రిటిష్‌వాళ్ళదే. సైన్యానికి తొలి భారతీయ అధిపతిగా కరియప్ప 1949 జనవరి 15న వచ్చాడు. వైమానిక దళానికి సుబ్రతో ముఖర్జీ 1954లో. నౌకాదళానికైతే ఆర్.డి. కటారి 1958లో. స్వాతంత్ర్యం వచ్చి పదేళ్ళు దాటాక గానీ నౌకాదళం మన అధికారి చేతికి రాలేదన్నమాట. మరోపక్క 1955లో కమాండర్ ఇన్ చీఫ్ పదవినే రద్దు చేసి, మూడు దళాల అధిపతులనూ సమాన హోదాలో పౌర ప్రభుత్వం కిందకు తెచ్చారు. పొరుగు దేశాల్లో ఒకదాని తర్వాత ఒకటిగా జనరల్స్ గద్దెనెక్కుతున్న రోజులవి. ఈ జాగ్రత్త అక్కర్లేనిదని ఎవరూ అనలేరు. కాకపోతే దీని వల్ల ఒక అలవాటు కూడా పాతుకుపోయింది: పెద్ద నిర్ణయాలు జరిగే గదిలో యూనిఫాం కనిపించకపోవడం.

డబ్బు విషయంలో నెహ్రూకు దారి చూపినవాళ్ళలో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త పాట్రిక్ బ్లాకెట్ ఒకడు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యానికి లెక్కలు కట్టిపెట్టినవాడు, 1948లో నోబెల్ అందుకున్నవాడు. అదే ఏడాది ఆయన ఇచ్చిన నివేదిక సారాంశం సూటిగా ఉంటుంది. ఆయుధాలు రెండు రకాలు. జెట్ ఫైటర్లు, క్షిపణులు, అణ్వస్త్రాలు ఒక రకం: వీటిలో ఎదుటివాడి కంటే ఒక మెట్టు కింద ఉన్నా ఉపయోగం సున్నా, కాబట్టి పేద దేశం వాటి వెంట పరిగెత్తకూడదు. తుపాకులు, మోర్టార్లు, రవాణా విమానాలు, చిన్న నౌకలు రెండో రకం: ఇవి కాస్త పాతవైనా పనిచేస్తాయి, ఇక్కడే తయారు చేసుకోవచ్చు. రక్షణ ఖర్చు జాతీయాదాయంలో రెండు శాతం దాటనివ్వొద్దు, ముందు పరిశ్రమలు కట్టుకోండి, అన్నాడు. నెహ్రూ మనసులో ఉన్నదే బ్లాకెట్ నోట వచ్చింది. 1962 వరకు రక్షణ ఖర్చు ఇంచుమించు ఆ రెండు శాతం దగ్గరే తిరిగింది.

సలహాలో మొదటి సగం పాటించారు, రెండో సగం గాలికి వదిలేశారు. ఖర్చు తగ్గించడం తేలిక. మామూలు ఆయుధాలు మామూలుగా, తగినన్ని తయారు చేసుకోవడం కష్టం. కృష్ణ మీనన్ రక్షణ మంత్రిగా ఉన్నప్పుడు ఆయుధ కర్మాగారాల్లో కాఫీ పెర్కొలేటర్లు చేస్తున్నారని ప్రతిపక్షం వెక్కిరించేది. మీనన్ పట్టుదలతో బెంగళూరులో జర్మన్ ఇంజనీరు కుర్ట్ టాంక్ రూపుదిద్దిన హెచ్‌ఎఫ్-24 మారుత్ యుద్ధవిమానం 1961 జూన్‌లో గాల్లోకి లేచింది. ధ్వనివేగానికి రెండింతలు వెళ్ళాలన్నది లక్ష్యం. విమానం ఒళ్ళు మనది, ఇంజన్ బ్రిటన్‌ది. ఆ వేగానికి కావలసిన ఇంజన్‌ను అభివృద్ధి చేసే ఖర్చు పెట్టడానికి ఢిల్లీ వెనకాడింది. దాంతో అంతకంటే బలహీనమైన ఆర్ఫియస్ ఇంజన్లతోనే మారుత్ సరిపెట్టుకుంది. అందమైన విమానమే గానీ జన్మంతా ఊపిరాడక ఎగిరింది. పొదుపు ఎక్కడ చేయాలో, ఎక్కడ చేయకూడదో తేల్చుకోలేకపోతే ఏమవుతుందో చెప్పడానికి మారుత్‌ను మించిన ఉదాహరణ లేదు.

ఇదే కాలంలో బొంబాయి శివార్లలోని అణు పరిశోధన కేంద్రం ట్రాంబేలో పరిస్థితి వేరు. భాభా 1944లోనే టాటా ట్రస్టుకు ఉత్తరం రాసి, రెండు దశాబ్దాల్లో అణువిద్యుత్ వస్తే నిపుణుల కోసం పరాయి దేశాల వైపు చూడనక్కర్లేకుండా ఇప్పుడే తయారు చేసుకుందామన్నాడు. 1948 ఆగస్టులో అణుశక్తి కమిషన్, 1954లో నేరుగా ప్రధాని కింద అణుశక్తి శాఖ. సచివాలయం ఢిల్లీలో కాదు, బొంబాయిలో. 1958 తీర్మానంతో కమిషన్‌కు కేంద్ర ప్రభుత్వపు పాలనాధికారాలూ, ఆర్థికాధికారాలూ దఖలు పడ్డాయి. శాఖ కార్యదర్శీ భాభాయే, కమిషన్ అధ్యక్షుడూ భాభాయే. అడిగేదీ ఆయనే, మంజూరు చేసేదీ దాదాపు ఆయనే. 1956 ఆగస్టు 4న ఆసియాలో సోవియట్ యూనియన్ వెలుపల తొలి రియాక్టర్ అప్సర పనిచేయడం మొదలుపెట్టింది. దాని ఇంధనం బ్రిటన్ ఇచ్చింది. ఎలక్ట్రానిక్ నియంత్రణ పరికరాలు మాత్రం ఇక్కడివాళ్ళే తయారు చేశారు. ట్రాంబేలో ఆ ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని పెంచి పోషించిన అయ్యగారి సాంబశివరావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు వాడు. 1967లో హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ పుట్టింది ఆ విభాగం నుంచే. ఏ.ఎస్. రావు నగర్ బస్సెక్కేవాళ్ళలో ఆ రావు ఎవరో ఎంతమందికి తెలుసో గానీ, మెషీన్ మీద ఓటు నొక్కిన చాలామంది వేలు ఈసీఐఎల్ సరుకును తాకినట్టే లెక్క.

ఈ రెండు ఇళ్ళకూ మధ్య గోడ ఎందుకు కట్టారు? నెహ్రూ అణ్వస్త్రాలను ద్వేషించాడనడంలో అనుమానం లేదు. పసిఫిక్‌లో అమెరికా హైడ్రోజన్ బాంబు పరీక్షించిన తర్వాత, 1954 ఏప్రిల్‌లో, పరీక్షలు ఆపేద్దామని ప్రపంచంలో అందరికంటే ముందు అడిగిన ప్రభుత్వాధినేత ఆయన. అదే మనిషి 1948 ఏప్రిల్‌లో అణుశక్తి బిల్లు తెచ్చినప్పుడు, ఎస్.వి. కృష్ణమూర్తి రావు అనే సభ్యుడు లేచి చాలా మంచి ప్రశ్న వేశాడు. బ్రిటన్ చట్టంలో కూడా రహస్యం రక్షణ అవసరాలకే పరిమితం, మనం శాంతియుత పరిశోధనకు కూడా ఇంత గోప్యత ఎందుకు పెడుతున్నాం? ఆ రెండింటినీ ఎలా వేరు చేయాలో తనకు తెలియదని నెహ్రూ జవాబు. శాంతి కోసమే అభివృద్ధి చేద్దాం, కానీ దేశానికి తప్పనిసరి పరిస్థితి వస్తే మన మంచి మాటలేవీ దాన్ని ఆపలేవని కూడా ఆయనే అన్నాడు.

అది తప్పించుకునే జవాబు కాదు, భౌతికశాస్త్రం ప్రకారం అక్షరాలా నిజం. సహజ యురేనియం కడ్డీలను రియాక్టర్‌లో పెడితే అందులో కొంత ప్లుటోనియంగా మారుతుంది. కడ్డీని ఎక్కువ కాలం ఉంచితే ఎక్కువ విద్యుత్తు, బాంబుకు అంతగా పనికిరాని ప్లుటోనియం. తొందరగా బయటికి తీస్తే తక్కువ వేడి, శుభ్రమైన బాంబు సరుకు. యంత్రం అదే, ఇంధనం అదే, తేడా అంతా క్యాలెండర్‌లోనే. కెనడా ఇచ్చిన 40 మెగావాట్ల సిరస్ రియాక్టర్ 1960లో ట్రాంబేలో మొదలైనప్పుడు దానికి కావలసిన భారజలం అమెరికా ఇచ్చింది. 1956 నాటి ఒప్పందంలో ఉన్నది ఒక్క మాట: శాంతియుత ప్రయోజనాలకే వాడాలి. తనిఖీల నిబంధన లేదు, తనిఖీ చేసే అంతర్జాతీయ సంస్థే అప్పటికింకా పుట్టలేదు. సిరస్ వాడేసిన ఇంధనం నుంచి ప్లుటోనియం తీసే కర్మాగారం 1964లో సిద్ధమైంది. చైనా బాంబు పేలిన ఏడాదే. సిరస్ నుంచి ఏటా ఒకటి రెండు బాంబులకు సరిపడా సరుకు రావచ్చు. బాంబు చేయాలన్న నిర్ణయం ఏ కాగితం మీదా లేదు. చేయగలిగే సత్తా మాత్రం ఒక్కో ఇటుకగా లేచింది.

ఆలోగా గోడకు అటువైపు రక్షణ ఇల్లు కూలిపోయింది. 1962 అక్టోబర్ 20న ఈశాన్య సరిహద్దులో నమ్కాచూ వాగు ఒడ్డున చైనా దళాలు విరుచుకుపడేనాటికి అక్కడున్న భారత బ్రిగేడ్ చేతిలో ఉన్నది .303 రైఫిళ్ళు. ఒక గుండు పేల్చి, బోల్టు లాగి, మళ్ళీ గుండు ఎక్కించాలి. మొదటి ప్రపంచ యుద్ధం చూసిన తుపాకీ అది. 14, 15 వేల అడుగుల ఎత్తులో కొందరు జవాన్ల ఒంటి మీద నూలు యూనిఫాం, కాళ్ళకు క్యాన్వాస్ బూట్లు. చేతిలో సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఉంటే యుద్ధమే గెలిచేవాళ్ళమని కాదు. ఎక్కడ నిలబడి పోరాడాలన్న నిర్ణయమే తప్పు. కానీ ఆ రైఫిల్ బ్లాకెట్ చెప్పిన రెండో రకం ఆయుధమే. పేద దేశం కూడా చేసుకోగలిగిందే. చేసుకోలేదు. నవంబర్ 19న నెహ్రూ కెనడీకి రాసిన ఉత్తరంలో పన్నెండు స్క్వాడ్రన్ల సూపర్‌సానిక్ ఫైటర్లు అడిగాడు. అలీన విధానానికి ఊపిరి పోసిన చెయ్యి రాసిన ఉత్తరమది.

ఆ తర్వాత రెండేళ్ళలో రక్షణ ఖర్చు జాతీయాదాయంలో నాలుగు శాతం దగ్గరికి ఎగబాకింది. మిగ్-21లు ఇక్కడే తయారు చేయడానికి సోవియట్ ఒప్పందం కుదిరింది: విమానం నాసిక్‌లో, ఇంజన్ కోరాపుట్‌లో, ఎలక్ట్రానిక్స్ హైదరాబాద్‌లో. క్షిపణుల ప్రయోగశాల డీఆర్‌డీఎల్ కూడా 1962లోనే ఢిల్లీ నుంచి హైదరాబాద్ వచ్చింది. సముద్రానికీ సరిహద్దుకూ దూరంగా ఉన్న దక్కన్ ఎంపికలో కొంత సైనిక తర్కం ఉంది. నిజాం వదిలిన విశాలమైన స్థలాల పాత్ర కూడా తక్కువేం కాదు.

ఇక గుంటూరు. 1964 నవంబర్‌లో కాంగ్రెస్ అఖిల భారత కమిటీ సమావేశం అక్కడే జరిగింది. మిరప, పొగాకు వ్యాపారుల ఊళ్ళో అణుబాంబు మీద చర్చ. నెహ్రూ పోయి ఆరు నెలలు కాలేదు. లాల్ బహదూర్ శాస్త్రి మీద సొంత పార్టీలోనే బాంబు కావాలనేవాళ్ళ ఒత్తిడి. కృష్ణ మీనన్ బాంబు వద్దనే పక్షం. శాస్త్రి నైతిక కారణాలతో పాటు ఖర్చు లెక్క కూడా తీశాడు. ఆ రోజుల్లో ఆయన చెప్పిన అంకె ఒక్కో బాంబుకు 40, 50 కోట్లు. భాభా చెప్పింది 17.5 లక్షలు. ఒకే ప్రభుత్వంలో ఇద్దరు మనుషులు, నెల తిరగకుండా, ఒకే వస్తువుకు రెండు వందల రెట్లకు పైగా తేడాతో ధర చెప్పడం ప్రజాస్వామ్య చరిత్రలో అరుదైన ముచ్చట. తమాషా ఏమిటంటే ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఒకరు పందిరి లెక్క చెప్పారు, ఇంకొకరు కల్యాణ మండపం కట్టిన ఖర్చంతా మొదటి పెళ్ళి మీదే వేశారు.

నవంబర్ చివర్లో లోక్‌సభలో శాస్త్రి మధ్యేమార్గం తొక్కాడు. బాంబు చేయం. కానీ సొరంగాలు తవ్వడం లాంటి శాంతియుత పనులకు అణు విస్ఫోటనాల మీద పరిశోధన చేయవచ్చు. ఈ విధానం శాశ్వతమని కూడా చెప్పలేనన్నాడు. అదే ఏడాది చివర లండన్ వెళ్ళినప్పుడు, అణ్వస్త్రాలు లేని దేశాలకు అగ్రరాజ్యాలు భరోసా ఇవ్వాలన్న ఆలోచన కదిపాడు. 1967లో ఇందిరా గాంధీ కార్యదర్శి ఎల్.కె. ఝా మాస్కో, వాషింగ్టన్‌లతో పాటు మరికొన్ని రాజధానులు తిరిగి అడిగిందీ అదే. నమ్మదగ్గ హామీ ఎక్కడా దొరకలేదు. పరాయివాడి గొడుగు కింద నిలబడడానికి అలీన దేశం గౌరవం ఒప్పుకోదు, గొడుగు పట్టడానికి వాళ్ళకూ తీరిక లేదు.

1966 జనవరి 11న తాష్కెంట్‌లో శాస్త్రి, 24న ఆల్ప్స్ కొండల్లో విమానం కూలి భాభా పోయారు. పదమూడు రోజుల తేడాలో ఈ వాదనలో ఇరుపక్షాల పెద్దలూ లేకుండా పోయారు. భాభా స్థానంలోకి వచ్చిన విక్రమ్ సారాభాయ్ ఈ మొత్తం చర్చలోకెల్లా స్పష్టంగా మాట్లాడిన మనిషి. 1966 జూన్ 1న విలేకరుల సమావేశంలో ఆయన చెప్పిందాని సారం: ఒక్క పేలుడు రక్షణ కాదు. దాన్ని మోసుకెళ్ళే వాహనాలు, రాడార్లు, వెనక పరిశ్రమల పునాది అన్నీ ఉంటేనే అది ఆయుధం, లేకపోతే కాగితప్పులి. పైగా భద్రతకు ముప్పు బయట నుంచే రానక్కర్లేదు, ఆర్థికాభివృద్ధి నిలిచిపోతే లోపల నుంచీ వస్తుంది. భాభా పందిరి ఖర్చు చెబితే సారాభాయ్ కాపురం ఖర్చు అడిగాడు. పేలుడు పరిశోధన ఆపించాడు. కానీ ట్రాంబేలో శాస్త్రవేత్త రాజా రామన్న బృందం ఆ పని పూర్తిగా అటకెక్కించలేదు. 1968లో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం వచ్చింది. 1967 జనవరి 1 లోపు బాంబు పేల్చినవాళ్ళకే అణ్వస్త్ర దేశాల హోదా అని అందులో గీత గీశారు. చైనా గీతకు లోపల, భారత్ బయట. సంతకం పెట్టబోమని ఢిల్లీ చెప్పింది. బాంబు వద్దన్నవాళ్ళూ కావాలన్నవాళ్ళూ కలిసి ఒప్పుకున్న ఒకే ఒక్క విషయం బహుశా అది.

1971 డిసెంబర్ చివర్లో సారాభాయ్ హఠాత్తుగా మరణించాడు. అంతకు కొద్దిరోజుల ముందే బంగ్లాదేశ్ యుద్ధంలో అమెరికా తన ఎంటర్‌ప్రైజ్ విమానవాహక నౌకను బంగాళాఖాతంలోకి పంపింది. ఆ తర్వాత ఆపేవాళ్ళు లేరు.

పోఖ్రాన్‌లో సైనిక ఇంజనీర్లు తవ్విన బావి లోతు 107 మీటర్లు. 1974 మే 18 ఉదయం 8 గంటలకు ముహూర్తం. హై స్పీడ్ కెమెరాలు సరిచూడడానికి బావి దాకా వెళ్ళిన ఇంజనీరు వి.ఎస్. సేఠీ జీపు స్టార్ట్ కాలేదు. ఎడారిలో నడుచుకుంటూ వెనక్కి వచ్చాడు. ఆయన కోసం పేలుడు అయిదు నిమిషాలు ఆలస్యమై 8:05కు జరిగింది. అందులోని ప్లుటోనియం సిరస్‌ది. రక్షణ మంత్రి జగ్జీవన్ రామ్‌కు విషయం చెప్పింది చివరి రోజుల్లోనే. బావి తవ్వింది సైన్యమే అయినా, ఈ ఆయుధం యుద్ధంలో ఎందుకు, ఎప్పుడు అని దళాధిపతులతో ఎవరూ కూర్చుని మాట్లాడలేదు. ప్రభుత్వం దాన్ని ఆయుధం అనలేదు కూడా. శాంతియుత అణు విస్ఫోటనం అంది. రక్షణ నిర్ణయంగా మొదలుకాని పనిలో రక్షణ శాఖకు చోటు లేకపోవడం ఒకరకంగా సహజమే. ఆ నెలంతా దేశంలో రైల్వే సమ్మె నడుస్తోంది, వేలాది కార్మికులు జైళ్ళలో ఉన్నారు. ఆ ఉదయం వార్త సమ్మె వార్తను పక్కకు నెట్టేసింది.

పేలుడుకు అయిన ఖర్చు 32 లక్షల రూపాయలని ప్రభుత్వం చెప్పింది. పదేళ్ళ ధరల పెరుగుదల కలుపుకుంటే భాభా చెప్పిన అంకె దగ్గరికే వచ్చింది. మళ్ళీ పందిరి లెక్కే. ప్లుటోనియం చేసిన రియాక్టర్ ఖర్చు అందులో లేదు. నాలుగు రోజులకే కెనడా అణు సహకారం ఆపేయడమూ లేదు. మరుసటి ఏడాది అగ్రదేశాలు కూడబలుక్కుని అణు సరఫరాదారుల బృందం పెట్టుకోవడమూ లేదు. 1972 జనవరిలోనే ముల్తాన్‌లో శాస్త్రవేత్తల్ని పోగేసిన పాకిస్తాన్ అధినేత భుట్టోకు దొరికిన సాకూ లేదు. తారాపూర్ అణువిద్యుత్ కేంద్రం ఇంధనం కోసం అమెరికాతో మొదలై, 1982లో ఫ్రాన్స్ ఆదుకునేదాకా సాగిన గుంజాటనా లేదు. 1980 నాటికి 2,700 మెగావాట్ల అణువిద్యుత్ అని సారాభాయ్ వేసిన ప్రణాళికా లేదు. ఆ ఏడు వచ్చేసరికి విద్యుత్తు ఇస్తున్నవి తారాపూర్‌లో రెండు, రాజస్థాన్‌లో ఒకటి.

కెనడా వాళ్ళు సగంలో వదిలి వెళ్ళిన రాజస్థాన్ రావత్‌భాటా రెండో రియాక్టర్‌కు పంపులు, వాల్వులు, నియంత్రణ పరికరాలు ఒక్కోటీ ఇక్కడే నేర్చుకుని చేసుకోవాల్సి వచ్చింది. ఇంధనం కట్టలు హైదరాబాద్ మౌలాలి దగ్గరి న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో. భారజలం కోసం ఆ తర్వాత మణుగూరులో గోదావరి పక్కన ఏకంగా ఒక కర్మాగారమే కట్టారు. ఆ రెండో రియాక్టర్ వాణిజ్య స్థాయిలో విద్యుత్తు ఇవ్వడం మొదలుపెట్టింది 1981లో. 32 లక్షల పద్దు మాత్రం ఏడేళ్ళ ముందే మూసేశారు.